మా వీధి చేతులు తెల్లబడిన ఎండాకాలం

ముందే చెప్పేస్తున్నాను, నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటాయి. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, మనవరాలి పలక మీద. ఒక్కో వాక్యం రాయడానికి గిన్నెడు నీళ్లు కాగేంత సేపు పడుతుంది. కాబట్టి చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. రాత వంకరగా ఉండొచ్చు కానీ, జరిగింది మాత్రం నాకు తిన్నగానే గుర్తుంది.

మాది నీలం అద్దే వీధి. వీధి పొడవునా ఇళ్ల వెనక తొట్లు, తొట్ల వెనక నూలు ఆరేసే దండేలు. నూలు చిలపను, అంటే నూలు పోగుల కట్టను, నీలిమందు తొట్టిలో ముంచి తీస్తే మొదట ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాక మన కళ్లముందే నీలం తిరుగుతుంది. ఆ నీలం మా మగవాళ్ల చేతులకు మోచేతుల దాకా ఎక్కి ఉండేది. సబ్బుకు పోదు, ఇసుకకు పోదు. పోవాలని ఎవరూ అనుకోరు కూడా. మా వీధిలో ఒక మనిషి చేతులు తెల్లబడుతున్నాయంటే అతనికి పని పోయిందని అర్థం. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు ముందు అబ్బాయి చేతులు చూసేవాళ్లు, మొహం తర్వాత.

మా ఇంట్లో మా అత్త, మా ఆయన, మా మరిది, నేను. మరిదిని వీధంతా వాగుడుకాయ అనేది. మనుషులు దొరక్కపోతే తొట్టితో మాట్లాడేవాడు. "ఏమ్మా, ఇవాళ అలిగావా? రంగు పట్టడం లేదేం?" అని తొట్టి అంచు తట్టి అడిగేవాడు. మా ఆయన సరిగ్గా వాడికి తలకిందులు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే తాడు కట్టి లాగాలి.

ఆ ఎండాకాలం మొదట్లో నూలు షావుకారు గోదాంలో దొంగలు పడ్డారు. వాచ్‌మన్‌ను తల మీద కొట్టి పోయారు. పాపం ఆయనకు ఒక చెవి వినపడకుండా పోయింది. టార్చి వెలుగులో నీలం చేతులు చూశానని వాచ్‌మన్ చెప్పాడని ఊరంతా అనుకున్నారు. ఆ మాట విన్నప్పుడే మా వీధిలో అందరూ ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు. నీలం చేతులంటే ఇంకెవరు? మేమే.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్లు తిన్నగా మా దొడ్లోకి వచ్చారు. నేను దండెం మీద చిలపలు సర్దుతున్నాను. మరిది మోచేతుల దాకా తొట్టిలో ఉన్నాడు.

"వాగుడుకాయ ఎవడ్రా ఇక్కడ?" అన్నాడు కానిస్టేబులు.

"నేనేనండీ. నా పేరు స్టేషన్ దాకా వచ్చిందన్నమాట," అన్నాడు మరిది నవ్వుతూ.

"సంతలో షావుకారు మీద అరిచింది నువ్వేనా?"

"అరవకేం చేస్తానండీ? నూలు వానలో తడవనిచ్చి మా రంగు దిగిపోయిందన్నాడు. మా రంగు ఆయన చర్మమైనా వదులుతుందేమో కానీ నూలును వదలదు. కావాలంటే మీ చొక్కా ఇప్పించండి, అద్ది చూపిస్తా."

"దొంగతనం జరిగిన రాత్రి ఎక్కడున్నావు?"

"ఈ దండేల కిందే, మంచం వేసుకుని."

"పక్కన ఎవరున్నారు?"

"నూలు."

చేతులు తుడుచుకోనివ్వకుండానే తీసుకుపోయారు. ఆ చేతుల్లోంచి కారిన చుక్కలు వీధి మలుపు దాకా పడ్డాయి. నేను వెనకే పరుగెత్తుతున్నాను. చుక్కలు నా కళ్లముందే ఆకుపచ్చలోంచి నీలంలోకి తిరుగుతున్నాయి.

ఆ రోజంతా నేనూ మా అత్తా స్టేషన్ వసారాలో బెంచీ మీద కూర్చున్నాం. లోపలికి పోనివ్వలేదు. మా తలల పైన గోడకు పెద్ద బోర్డు ఉంది, నల్లటి దాని మీద తెల్లటి అక్షరాలు. "అందులో ఏముంది బాబూ?" అని మా అత్త ఒక కానిస్టేబుల్ని అడిగింది. "రూల్సులే ముసలమ్మా, నీకెందుకు?" అని వెళ్లిపోయాడు. మా అత్త తల ఎత్తి బోర్డును కాసేపు చూసి, "ఇన్ని రాసిపెట్టుకున్నారు, కూర్చునేవాళ్లకు కాసిన్ని మంచినీళ్లు పెట్టాలని మాత్రం రాసుకున్నట్టు లేరు," అంది.

మర్నాడు నేనూ మా ఆయనా లాయరు కోసం కోర్టుకు వెళ్లాం. క్యారేజీ పట్టుకుని మా అత్త ఒక్కతే స్టేషన్‌కు వెళ్లింది.

కోర్టు వరండాలో అందర్నీ అడిగితే ఒక గదిలోకి పంపించారు. లాయర్ని పెట్టుకోలేని వాళ్లకు కోర్టే లాయర్ని ఇస్తుందట. అక్కడ నడివయసు ఆవిడ ఒకావిడ, చేతికర్రంత పొడుగు గొడుగుతో కూర్చుని ఉంది. వీధిలో ఎండకు, గదిలో కారే కప్పుకు అదే గొడుగు. ఆవిణ్ని అందరూ గొడుగు లాయరమ్మ అనేవాళ్లు. మేం చెప్పిందంతా విని అడిగింది.

"మీ కుర్రాడు బాగా మాట్లాడతాడా?"

"ఆపడం కష్టమండీ," అన్నాను.

"ఆపాలి. పోలీసులు అడిగినదానికల్లా జవాబు చెప్పక్కర్లేదు. నా మీద నేను చెప్పుకోను, లాయరు వచ్చాక మాట్లాడతాను అంటే చాలు. అది అతని హక్కు. ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు."

"నోరు మూసుకోవడం హక్కా?" అన్నాడు మా ఆయన. ఆ పూటకు ఆయన మాట్లాడింది అదొక్కటే. ఆయన మొహం చూస్తే, ఇన్నాళ్లూ తను ఎంత పెద్ద హక్కు వాడుకుంటున్నాడో అప్పుడే తెలిసినట్టుంది.

"రెండోది," అంది లాయరమ్మ, కోర్టుకొచ్చిన పోలీసు కాగితాలు తెప్పించి చూసి. "వాచ్‌మన్ చేతులతో పాటు మొహం కూడా చూశానన్నాడని పోలీసులు రాశారు. కాబట్టి గుర్తింపు పెరేడు పెడతారు. మీ మరిదిని కొంతమంది మధ్య వరసలో నిలబెట్టి, వీళ్లలో ఎవరు అని వాచ్‌మన్‌ను అడుగుతారు. పక్కన నిలబడేవాళ్లు ఇతనిలాగే ఉండాలి. పదిమంది ముసలివాళ్ల మధ్య ఒక కుర్రాణ్ని నిలబెట్టి కుర్రాడెవరో చెప్పమంటే ఎవరైనా చెబుతారు. అర్థమైందా? అప్పటిదాకా వాచ్‌మన్ ఇతన్ని చూడకూడదు. స్టేషన్లోంచి బయటికి తెస్తే మొహానికి తువ్వాలు కప్పమని అడగండి. అడిగితే కప్పి తీరాలి."

మాకు ధైర్యం వచ్చింది. లాయరమ్మను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లాం. మెట్ల మీద మా అత్త ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"పనైపోయింది. పిల్లాడి చేతులు పాలలా చేసి వచ్చా," అంది.

"ఏం చేశావత్తా?"

"క్యారేజీ కింది గిన్నెలో బ్లీచింగ్ పౌడరు కలిపి తెచ్చాలే. అన్నం నేను కలిపి తినిపిస్తూ వాడి చేతులు అందులో పెట్టించా. కానిస్టేబులు పెరుగనుకున్నాడు. నీలం చేతులవాడి కోసమే కదా వీళ్లు వెతికేది? నీలమే లేకపోతే ఎవర్ని పట్టుకుంటారు? సాయంత్రం జడ్జీ ముందు పెద్దమనిషిలా నిలబడతాడు నా కొడుకు."

లాయరమ్మ గొడుగు ముడిచింది. విప్పింది. మళ్లీ ముడిచింది.

"అమ్మా," అంది చివరికి, "ఈ ఊళ్లో ఇంకెవరికీ ఈ ఆలోచన వచ్చేది కాదు."

దాన్ని మెచ్చుకోలు అనుకుంది మా అత్త.

లోపల మరిదిని చూశాను. చేతులు ఎర్రగా కాలి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. గోళ్ల మొదట్లో మాత్రం నీలం గీతలు మిగిలాయి. అలాంటి చేతులు నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. లాయరమ్మ హక్కుల మాట చెబితే తలూపాడు. "నోరు మూసుకోమని ఇంట్లో పుట్టినప్పటి నుంచి చెబుతున్నా వినలేదు, ఇప్పుడైనా విను," అంది మా అత్త.

వాడు విన్నాడు. ఎంతగా విన్నాడంటే ఆ తర్వాత మాతో కూడా మాట్లాడలేదు.

సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెట్టినప్పుడు ఇన్‌స్పెక్టరు మొదట ఎత్తింది ఆ చేతుల మాటే. ముద్దాయి ఆధారాలు చెరిపేశాడు, చేతులు చూడండి అన్నాడు. లాయరమ్మ లేచి, తల్లి తెలియక చేసిందని చెప్పి, పెరేడులో అందరి చేతులకూ గుడ్డ సంచులు తొడగాలని అడిగింది. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు. సాక్షి ముందుగా చూసింది చేతులనే, అవి కప్పితే ఇంకేం గుర్తుపడతాడు అన్నాడు.

మేజిస్ట్రేటు సన్నటి మనిషి. మాట మాటకీ దగ్గు.

"చేతులు కప్పడం కుదరదు. కానీ అతని చేతులు ఒక్కటే వేరుగా ఉంటే అది పెరేడు కాదు. అలాంటి వయసు, అలాంటి ఎత్తు, అలాంటి చేతులు ఉన్నవాళ్లను మీరు తెచ్చుకోగలిగితే వాళ్లలోంచి నేనే ఎంచి నిలబెడతాను. బంధువులు పనికిరారు. తేలేకపోతే పోలీసులు తెచ్చినవాళ్లతోనే జరిపిస్తాను. వారం టైము."

"అలాంటి చేతులు ఊరంతా జల్లెడ పట్టినా దొరకవు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నిజమే. దొరకవు. కోర్టు మెట్లు దిగుతూ నేను లాయరమ్మను అడిగాను. "దొరకవు కానీ, చేసుకోవచ్చా? చేసుకుంటే తప్పా?"

ఆవిడ ఆగి నా మొహంలోకి చూసింది. "తప్పు కాదు. అందరి ముందూ, దాచకుండా చేస్తే అసలు తప్పు కాదు. నేను మేజిస్ట్రేటుకు ముందే చెబుతాను. కానీ అమ్మా, ఒక్కటి తెలుసుకో. మీ మరిదికి ఎంత దగ్గరగా ఉన్న మనిషిని నిలబెడితే అంత న్యాయం. అంటే, వాచ్‌మన్ పొరపాటున వేలు పెట్టే వీలు ఎక్కువ ఉన్నవాణ్నే నువ్వు అడగాలి."

"అతని మీద వేలు పెడితే?"

"వాచ్‌మన్‌కు తెలియదని తేలుతుంది. అంతే. నిలబడ్డవాడి మీద కేసు రాదు."

ఆ మాట నేను మూడు రకాలుగా తిప్పి అడిగాను. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఎవర్నీ అడగొద్దు. పని పోయినవాళ్లలా వీధిలో తిరగమని ఎలా అడుగుతాం?"

"మీరు అడగొద్దు, నేనడుగుతాను," అన్నాను.

గడప గడపా తిరిగాను. ఒకతను ఆలోచించి చెబుతానన్నాడు. ఒకావిడ, "మా ఆయన చేతులు తెల్లబడితే నాకే గుర్తుండడు, వాచ్‌మన్‌కేం గుర్తుంటాడు?" అని నవ్వి, నవ్వుతూనే తలుపు వేసేసింది. చివరింటి కవల అన్నదమ్ములు మాత్రం, "బ్లీచింగు మీదేనా, మేమే తెచ్చుకోవాలా?" అని అడిగారు. అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది.

అసలు చోటు ఇంకా మిగిలే ఉంది. గడ్డం మేస్త్రి ఇల్లు. చుట్టం కాదు కానీ, మామయ్యా అని పిలిచేదాన్ని. దండేలు వేసుకునే జాగా గురించి ఆయనకూ మాకూ గొడవ. అప్పటికి చాన్నాళ్లుగా మాటల్లేవు. మరిదిని పట్టుకుపోయినప్పుడు, "అంత నోరున్నవాడు అంతకు తెగించడూ?" అని టీ బండి దగ్గర అన్నాడట కూడా. కానీ ఆయన కొడుకు పొడుగోడు, మా మరిది, చిన్నప్పుడు ఒకరి చొక్కా ఒకరు వేసుకుని తిరిగినవాళ్లు. అదే ఎత్తు, అదే భుజాలు, అదే ముక్కు. వెనకనుంచి చూస్తే నేనే పొరబడేదాన్ని.

మేస్త్రి తొట్టి దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"అంటే, దొంగను పోలినవాడు కావాలి నీకు. దానికి నా కొడుకు దొరికాడు," అన్నాడు.

"దొంగను కాదు మామయ్యా, మా మరిదిని పోలినవాడు కావాలి."

"ఆ వాచ్‌మన్ మావాడి మీద వేలు పెడితే?"

"మావాణ్ని వదిలేస్తారు. మీవాణ్ని పట్టుకోరు."

"ఎవరు చెప్పారు?"

"లాయరమ్మ."

"లాయర్ల మాటలు నమ్ముతావా నువ్వు?"

"నమ్మకపోతే మీ గుమ్మం ఎక్కుతానా? ఇంకో మార్గం ఉంటే అటే పోయేదాన్ని కదా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "వచ్చే నెల మావాణ్ని చూడ్డానికి పిల్ల తరఫువాళ్లు వస్తున్నారు. తెల్ల చేతులు చూపించనా వాళ్లకు?"

ఉన్నమాటే చెప్పాను. "చూపించాల్సొస్తుంది మామయ్యా. నెలలో రంగు మళ్లీ పూర్తిగా ఎక్కదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? మీరు కాదంటే నాకు కోపం లేదు. కానీ అడక్కుండా ఉంటే రేపు మావాడికి శిక్ష పడ్డాక, మీ దగ్గరికి ఒక్కసారి వచ్చి అడిగుంటే అని బతికినన్నాళ్లూ అనుకోవాలి. అందుకే వచ్చాను."

"వెళ్లిరా," అన్నాడు ఆయన. ఔనా కాదా తెలియని గొంతు అది.

పెరేడుకు ముందు రోజు పొద్దున మా దొడ్లో ఖాళీ తొట్టి కడిగి, నీళ్లు నింపి బ్లీచింగ్ కలిపాను. దాచకుండా చేయమంది కదా లాయరమ్మ, వీధి తలుపులు బార్లా తెరిచిపెట్టాం. అందరికంటే ముందు మా ఆయన వచ్చి కూర్చుని రెండు చేతులూ అందులో పెట్టాడు.

"మీరెందుకు? బంధువులు పనికిరారని మేజిస్ట్రేటు చెప్పాడుగా," అన్నాను.

"వాళ్లంతా తెల్ల చేతులతో తిరుగుతుంటే నేను నీలం చేతులతో తిరగనా?" అన్నాడు.

అంతే అన్నాడు. నేను చిలపలు సర్దే వంకతో దండేల వెనక్కి వెళ్లిపోయాను. మళ్లీ ఇవతలికి వచ్చేసరికి కవలలు వచ్చి ఉన్నారు. తర్వాత, ఆలోచించి చెబుతానన్నతను. తర్వాత, తలుపు వేసేసిన ఆవిడ తన మొగుణ్ని వెనకనుంచి తోసుకుంటూ. "తెల్లగా ఉంటే ఎలా ఉంటాడో నాకూ చూడాలనిపించింది," అంది. వాళ్లతో పాటు ఇంకొందరు. మండుతోందని ఒకడు, చక్కిలిగింతలు పెడుతోందని ఒకడు, ఒకటే గోల. పెళ్లిళ్లకు కూడా అంత సందడి చూడలేదు మా దొడ్లో. మా అత్త కొబ్బరినూనె గిన్నె పట్టుకుని నిలబడి, చేతులు తీసినవాడికి తీసినట్టు రాస్తోంది. "నేను చేసినప్పుడు తప్పన్నారు, ఇప్పుడందరూ చేస్తున్నారు," అని గొణుగుతూనే ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుమ్మంలో నీడ పడింది. గడ్డం మేస్త్రి, వెనక పొడుగోడు. మేస్త్రి ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా తొట్టి దగ్గరికి వచ్చి, వేలు ముంచి వాసన చూశాడు.

"ఇదా మీరు కలిపింది? దీంతో రేపు సాయంత్రానికి కూడా తెల్లబడవు. ఈ ఇంట్లో ఎప్పుడూ ఇంతే, అన్నీ పల్చనే," అన్నాడు. సంచిలోంచి పౌడరు తీసి తనే కలిపాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి పీట మీద కూర్చోబెట్టాడు.

"మండితే చెప్పు," అన్నాడు.

"మండుతోంది నాన్నా."

"మండనీ."

అప్పటికే మరిదిని జైలుకు పంపారు, పెరేడు అక్కడే పెట్టారు. మమ్మల్నెవర్నీ లోపలికి రానివ్వలేదు, లాయరమ్మను కూడా. ఆవిడ గొడుగు నీడలో మా అత్త, నేను. పక్కనే గడ్డం మేస్త్రి ఎండలోనే నిలబడ్డాడు. నీడలోకి రమ్మంటే రాలేదు. లోపల జరిగింది తర్వాత పొడుగోడు చెప్పాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పించుకున్నామో.

మేజిస్ట్రేటు వచ్చినవాళ్లందర్నీ చూసి, ఎత్తూ వయసూ సరిపోయినవాళ్లను ఎంచి వరస కట్టించాడట. నీకు నచ్చిన చోట నిలబడు అని మరిదికి చెప్పాడట. మరిది మాట్లాడకుండా వచ్చి పొడుగోడి పక్కన నిలబడ్డాడు. అప్పుడు వాచ్‌మన్‌ను తెచ్చారు. తలకింకా కట్టు ఉంది. పెద్దవాడు. చేతులు చూపించమన్నాడు. అందరూ చాపారు. అన్నీ కాలినవే, అన్నీ పొరలు లేచినవే, గోళ్ల మొదట్లో అన్నిటికీ అదే నీలం గీత.

"వదినా, ఆయన ఆ చేతులు చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. వెనక్కి తిరిగాడు. అప్పుడు తలెత్తి మా మొహాలు చూశాడు. చేతులకు మొహాలు కూడా ఉంటాయని అప్పుడే తెలిసినట్టు చూశాడు. నా ముందు ఆగాడు. ఆయన ఊపిరి నాకు తగిలింది. లాయరమ్మ చెప్పిందంతా మర్చిపోయాను. అయిపోయింది నా పని అనుకున్నా. ఇతను మాత్రం," అని మరిది వైపు చూపించాడు పొడుగోడు, "పక్కనుంచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో నాకు తెలియలేదు."

మేజిస్ట్రేటు, "తొందరేం లేదు, నిదానంగా చూడండి," అన్నాడట. వాచ్‌మన్ వినపడే చెవి ఆయన వైపు తిప్పి అన్నాడట.

"అయ్యా, నేను చూసింది చేతుల్నే. మొహం కూడా చూసే ఉంటావు, బాగా గుర్తు తెచ్చుకో అన్నారు స్టేషన్లో. తెచ్చుకున్నాను. అది నాకు గుర్తున్నదో, వాళ్లు చెప్పగా గుర్తొచ్చిందో ఇప్పుడు తెలియడం లేదు. నన్ను కొట్టినవాణ్ని పట్టుకోవాలని నాకూ ఉందయ్యా. కానీ తెలియనప్పుడు వేలు చూపించలేను."

మేజిస్ట్రేటు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాడు.

గేటు తెరుచుకుని మావాళ్లు బయటికి వచ్చారు, మరిది తప్ప. పొడుగోడి మొహం చూడగానే సంగతి తెలిసిపోయింది. గడ్డం మేస్త్రి కొడుకు చేతులు రెండూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఏదో సరుకు చూసినట్టు. తర్వాత మా అత్త వైపు తిరిగి, "కొబ్బరినూనె తెచ్చావా?" అని అడిగాడు. మా రెండిళ్ల మధ్య మాటలు మళ్లీ అలా మొదలయ్యాయి.

కొన్నాళ్లకు మరిదికి బెయిలు వచ్చింది. వానలు మొదలయ్యేసరికి కేసు కొట్టేశారు. అసలు దొంగ ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ ఎండాకాలం మా వీధికి వచ్చిన బయటివాళ్లంతా కంగారుపడేవాళ్లు, ఈ వీధి మొత్తానికి పని పోయిందా అని. పొడుగోణ్ని చూడ్డానికి పిల్ల తరఫువాళ్లు వచ్చి, చేతులు చూసి మొహాలు ముడుచుకున్నారు. మేస్త్రి ఏదీ దాచకుండా మొదటినుంచీ చెప్పాడు. అంతా విన్నాక అమ్మాయి మేనత్త, "ఇలాంటి వీధికి పిల్లనివ్వొచ్చు," అందట. ఆ అమ్మాయే ఇప్పుడు ఆ ఇంటి పెద్దకోడలు.

ఆ వాచ్‌మన్ సంగతీ చెప్పాలి. వేలు చూపించలేదని షావుకారు ఆయన్ను పనిలోంచి తీసేశాడు. మా ఆయన వెళ్లి, మా దండేలకు కాపలా ఉండమని పిలుచుకొచ్చాడు. మా అత్త ఒప్పుకోలేదు. "నా కొడుకు చేతులు కాల్పించినవాడికి నేను అన్నం పెట్టాలా?" అంది.

"కాల్చింది నువ్వేగా అత్తా," అన్నాను.

ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. రాత్రికి తనే వడ్డించింది, ఆయనకు వినపడే చెవి వైపు నిలబడి.

ఇవన్నీ బాగానే జరిగాయి. ఇంట్లో ఒక్కటే బాగాలేదు. మరిది మాట్లాడడం లేదు. అడిగితే ఔను, కాదు. అంతే. అందరి చేతులకూ మెల్లగా నీలం ఎక్కుతోంది, వాడి చేతులు తెల్లగానే ఉన్నాయి. తొట్టి దగ్గరికి వచ్చేవాడు కాదు. తువ్వాలు మొహం మీద కప్పుకునే పడుకునేవాడు. నోరు మూసుకోవడం హక్కని చెప్పాం కానీ, మళ్లీ ఎప్పుడు తెరవాలో ఎవరూ చెప్పలేదు వాడికి. మా ఆయన రోజూ పని అయ్యాక వెళ్లి వాడి పక్కన ఊరికే కూర్చునేవాడు. ఇద్దరు మాట్లాడని అన్నదమ్ములు. చూడలేక నేను లోపలికి పోయేదాన్ని.

ముసురు పట్టిన ఒక పొద్దున మా ఆయన ముంచి తీసిన చిలపలు మచ్చలు మచ్చలుగా వచ్చాయి. వసారాలోంచి చూస్తున్న మరిది లేచి వచ్చాడు. తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"చల్లారిపోయింది," అన్నాడు. మేం కదల్లేదు. "ముసురులో కింద సెగ పెట్టకపోతే అలగదా మరి? నేను లేకపోతే ఒక్కరూ పట్టించుకోరు దీన్ని. ఏమ్మా, వీళ్లు నిన్నేం చేశారే?"

మోచేతుల దాకా చేతులు లోపల పెట్టేశాడు. బయటికి తీసినప్పుడు అవి ఆకుపచ్చగా ఉన్నాయి. ముగ్గురం నిలబడి అవి నీలం తిరిగేదాకా చూశాం. మా ఆయన మాత్రం, "ఇక ఆగడు," అన్నాడు.

ఆగలేదు. ఇప్పటికీ ఆగలేదు. పక్క గదిలో టీవీతో వాదిస్తున్నాడు, నేనిది రాస్తుంటే.

నాకు అక్షరాలు వచ్చాక కథలు చదివాను, మందు సీసాలు చదివాను. ఈమధ్య ఒకరోజు అటుగా పోతూ స్టేషన్ మెట్లెక్కాను. ఆ బోర్డు అక్కడే ఉంది. పెయింటు కొత్తది.

"ఎవరి కోసం వచ్చావు బామ్మా?" అన్నాడు ఒక కుర్ర కానిస్టేబులు.

"ఎవరి కోసమూ కాదు బాబూ, చదువుకోడానికి వచ్చాను," అన్నాను. వింతగా చూసి పోయాడు.

పైకి అంటేనే కానీ నాకు అక్షరాలు కలవవు. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి. ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. లాయర్ని కలిసే హక్కు ఉంది. మౌనంగా ఉండే హక్కు ఉంది. ఒక్కోటీ కూడబలుక్కుంటూ చదువుతున్నాను. కింద బెంచీ మీద ఒకావిడ ఒళ్లో క్యారేజీ పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను చదవడం అయ్యాక నా చెయ్యి పట్టుకుంది.

"మా అబ్బాయి లోపలున్నాడు. ఇంకోసారి చదువుతావా అక్కా? నిదానంగా చదువు, గుర్తుపెట్టుకోవాలి."

"నాకు నిదానంగా తప్ప చదవడం రాదమ్మా," అన్నాను. ఆవిడ పక్కన కూర్చుని మళ్లీ మొదటినుంచీ చదివాను.

ఇది రాసినావిడను వీధిలో చిన్నా పెద్దా అందరూ పిలిచే పేరు పెద్దొదిన. వయసు డెబ్బై దాటింది. ఉంటున్నది నీలం వీధిలోనే, మరిది కట్టించిన కొత్త గదిలో. కిటికీ తీస్తే దండేలు కనిపిస్తాయి.